దాణా మార్చే ముందు ఆరు అరలు కట్టండి

ప్రశ్న: సార్, మాది కదిరి దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో వనరాజా కోళ్లు పెంచుతున్నాను. ఈసారి 160 పిల్లలు తెచ్చాం. మొక్కజొన్న మా చేన్లోదే. సోయా చెక్క, మినరల్ మిక్చర్ కొని, మిల్లులో ఆడించి నేనే కలుపుతాను. సోయా రేటు పెరిగేసరికి తట్టుకోలేక, ఎనిమిదో వారంలో సోయా మానేసి ఊళ్లో గానుగ నుంచి వేరుశనగ చెక్క తెచ్చి కలిపాను. వీడియోలు చూసి గుంటలో పెంచిన అజొల్లా అనే నీటి మొక్క, ఎండబెట్టి దంచిన సుబాబుల్ ఆకు కూడా అప్పుడే మొదలుపెట్టాను. మూడు వారాల్లో 11 కోళ్లు పోయాయి. మిగతావి రెక్కలు వాల్చి నిలబడుతున్నాయి, బరువు రావడం లేదు. మా ఆయన అజొల్లా వల్లే అంటాడు. పక్కింటివాళ్లు కొక్కెర రోగం అంటారు. ఇప్పుడు హిందూపురం నుంచి పట్టుపురుగు ప్యూపా చౌకగా తెచ్చిస్తానని ఒకాయన వచ్చాడు. అది మంచిదేనా? అసలు ఏది వెయ్యొచ్చో, ఏది వెయ్యకూడదో పరీక్షించుకోవడం మాలాంటివాళ్లకు కుదురుతుందా? కోడి 400 చొప్పున అమ్ముకుంటాం. ఇలాగైతే ఏమీ మిగలదు.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. "ఏం వెయ్యమంటారు సార్" అని అడిగినవాళ్లు వేలల్లో ఉంటారు. "ఎలా తేల్చుకోవాలి" అని అడిగినవాళ్లు చాలా తక్కువ. అందుకే మీకు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. పరీక్షించుకోవడం కుదురుతుంది. ఆరు అరలు, ఒక తక్కెడ, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. కానీ దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది.

ఆ గానుగ చెక్క ఇంకా వేస్తూ ఉంటే ఈ పూటే ఆపెయ్యండి. సుబాబుల్ ఆకు కూడా ఆపండి. మొక్కజొన్న, సోయా, మినరల్ మిక్చర్ కలిపిన మీ పాత దాణాకే తిరిగి వెళ్లండి. ఎంత ఖరీదైనా ఈ జట్టు అమ్ముడయ్యేదాకా అదే. మిగిలిన చెక్క వృథా పోతుందని గేదెకు మాత్రం వెయ్యకండి. అందులో నేను అనుమానిస్తున్న విషమే ఉంటే అది రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది, ఆ పాలు మీ ఇంట్లో పిల్లలే తాగుతారు. పరీక్షకు ఓ కిలో దాచి మిగతాది పక్కన పెట్టండి. ఇంకో కోడి పోతే పూడ్చెయ్యకుండా వెంటనే, అదే పూట, దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి కోసి చూడమని అడగండి. పోయిన 11 కోళ్లలో ఒక్కదాన్నైనా కోసి చూసి ఉంటే మీ ఇంట్లో ఈ వాదన ఉండేది కాదు.

నేను అనుమానిస్తున్నది అఫ్లాటాక్సిన్. వేరుశనగ కాయ చేలో బెట్టకు గురైనా, పీకిన తర్వాత సరిగ్గా ఎండకపోయినా, గోదాములో తడిసినా ఒక రకం బూజు పడుతుంది. ఆ బూజు వదిలే విషం ఇది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలల్లో చచ్చిపోయాయి. ఏం జబ్బో తెలియక "టర్కీ ఎక్స్ వ్యాధి" అని పేరు పెట్టారు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ కోళ్లన్నీ బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క తిన్నాయి. ఈ విషం గురించి ప్రపంచానికి తెలిసిందే అప్పుడు.

మీరు వేరుశనగ సీమలోనే ఉన్నారు కాబట్టి ఇది మీకు బాగా తెలియాలి. గానుగకు మంచి కాయ వస్తుంది, మిగులు కాయ కూడా వస్తుంది. ముడతలు పడ్డ పప్పు, పుచ్చు పప్పు, నల్లమచ్చ పప్పు మనిషి తినడానికి పనికిరాదని ఏరి పక్కన పడేస్తే అది చాలాసార్లు నూనెకే పోతుంది. నూనె బయటికి వచ్చాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. చెక్కను ఎండబెట్టినా, ఉడకబెట్టినా, వేయించినా అది పూర్తిగా పోదు. కంటికి బూజు కనిపించకపోయినా విషం ఉండొచ్చు, ఎందుకంటే బూజు చచ్చిపోయినా అది వదిలిన విషం అలాగే నిలిచి ఉంటుంది. కోళ్ల దాణాలో ఇది కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే వెయ్యి కిలోల దాణాలో 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా ఉండదు.

దీన్ని నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల్లూరు వైపు పనిచేసేవాణ్ణి. వరి కోతల తర్వాత మళ్లల్లో బాతులు మేపుకుంటూ తిరిగే కుటుంబం ఒకటి వచ్చింది. వాళ్ల బాతుపిల్లలు రోజూ పదీ ఇరవై పోతున్నాయి. కాళ్లు తడబడి, పక్కకు ఒరిగి, మెడ వెనక్కి విరుచుకుని ప్రాణం వదిలేవి. నేను అంటురోగం అనుకున్నాను. వారం రోజులు నీళ్లలో మందు కలిపి ఇప్పించాను. ఆ ఇంటి ఆడమనిషి రోజూ సైకిలు మీద వచ్చి మందు తీసుకుపోయేది. ఎనిమిదో రోజు ఒక పిల్లను కోశాను. కాలేయం పాలిపోయి, ఉబ్బి, వేలితో నొక్కితే వెన్నలా చితికింది. "వీటికి ఏం పెడుతున్నారమ్మా" అని అప్పుడు అడిగాను. రంగు మారిన వేరుశనగ పప్పు ఎవరో ఊరికే ఇస్తే నానబెట్టి పెడుతున్నారట. ఆ మాట మొదటి రోజే అడగాల్సింది. పెంపుడు పక్షులన్నిట్లో ఈ విషానికి ముందు పడిపోయేది బాతుపిల్లేనని పుస్తకంలో చదివినవాణ్ణే. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు తొట్టి చూస్తాను, తర్వాతే పక్షిని చూస్తాను.

అయితే మీ కోళ్లు దీంతోనే పోయాయని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. చెప్పకూడదు కూడా. మీరు ఒకే వారంలో మూడు మార్చారు. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. మేకల, పశువుల పొట్టలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరగ్గొడతాయి కాబట్టి వాటికి కొంత నడుస్తుంది. కోడికి, కుందేలుకి ఆ సౌకర్యం లేదు. ఎదుగుదల ఆగిపోవడం, ఈకలు చెదరడం దాని లక్షణాలే. మేకలకు మంచిదని చెప్పిన వీడియోను చూసి కోళ్లకు వేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇక కొక్కెర రోగం మాట. దాని టీకాలు, అంటే పిల్లలప్పుడు లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది వేయించారా లేదా మీరు రాయలేదు. కొక్కెర రోగమే అయితే మూడు వారాల పాటు ఒకటీ రెండూ చొప్పున పోవడం అరుదు. ఆకుపచ్చ పారుడు, మెడ మెలిక పడడం కనిపించి నాలుగు రోజుల్లో షెడ్డు ఊడ్చుకుపోతుంది, ఊళ్లో మిగతావాళ్ల కోళ్లు కూడా పోతాయి.

మీ ఆయన తప్పు పట్టిన అజొల్లా ఒక్కటే వీటన్నిట్లో అమాయకురాలు అనుకుంటాను. దాని తప్పు వేరే ఉంది. "అజొల్లాలో 25 శాతం ప్రొటీన్" అని అందరూ చెబుతారు. అది ఎండిన అజొల్లా లెక్క. ఒక పని చెయ్యండి. నీళ్లు వార్చి ఒక కిలో పచ్చి అజొల్లా తూచి, గుడ్డ మీద పలచగా పరిచి, గలగలలాడేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. 60 గ్రాములు అటూ ఇటూ వస్తుంది. అందులో నాలుగో వంతుకు కాస్త తక్కువే ప్రొటీన్ అనుకున్నా 14 గ్రాములు. సోయా చెక్క 30 గ్రాముల్లో అంతే ప్రొటీన్ ఉంటుంది. అంటే కిలో పచ్చి అజొల్లా, గుప్పెడు కూడా కాని సోయా చెక్కకు సమానం. మిగతా 940 గ్రాములు నీళ్లే. కోడి మెడ కింద మేత నిలిచే సంచి చిన్నది. అది నీళ్లతో నిండితే దాణాకి చోటుండదు. గుడ్డు సొనకు రంగు వస్తుంది, కోళ్లు ఇష్టంగా తింటాయి, ఆకుకూరలా రోజూ కొంచెం వెయ్యండి. సోయా స్థానంలో మాత్రం దాన్ని నిలబెట్టకండి.

వేరుశనగ చెక్క శుభ్రమైనదే అయినా సోయాకు సరిసమానం కాదు. ప్రొటీన్ శాతం చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. అయితే ప్రొటీన్ అంటే ఒకే సరుకు కాదు, అందులో రకరకాల ముక్కలుంటాయి. కోడి కండకు లైసిన్, ఈకకు మిథియోనిన్ తప్పనిసరి. వేరుశనగ ప్రొటీనులో లైసిన్ సోయాలో ఉన్నదానికి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మొక్కజొన్నలోనూ లైసిన్ తక్కువే. మీరు సోయా పూర్తిగా తీసేసి ఈ రెంటినీ జత కలిపారు. విషం లేకపోయినా బరువు రాకపోవడానికి ఇదొక్కటీ చాలు.

ఇప్పుడు పరీక్ష సంగతి.

మీరు చేసిన పని కూడా ఒక రకం పరీక్షే. కానీ అందులో పక్కన పాత దాణా తినే జట్టు లేదు. అది లేకపోతే ఏ ఫలితం వచ్చినా దేని వల్లో తెలియదు. బాగా పెరిగితే వాతావరణం చల్లబడటం వల్ల కావచ్చు, చచ్చిపోతే రోగం వల్ల కావచ్చు. కాబట్టి మొదటి నియమం, ఒకే రోజు, ఒకే షెడ్డులో, ఒకే ఈడు కోళ్లకు సగానికి పాతది, సగానికి కొత్తది. రెండో నియమం, ఒక్కసారి ఒక్కటే మార్చాలి. ఈ రెండూ పాటించని పరీక్ష ఎవరు చేసినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా నమ్మకండి.

వచ్చే జట్టు తెచ్చాక మొదటి ఆరు వారాలు ఏ ప్రయోగమూ వద్దు. ఆ వయసులో పడిన దెబ్బ నుంచి పిల్ల తేరుకోదు. ఏడో వారం మొదట్లో 48 కోళ్లను వేరు చెయ్యండి. మిగతా 112 పాత దాణా మీదే ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. వెదురు తడికెతో గానీ వలతో గానీ నాలుగడుగులు, మూడడుగుల కొలతలో ఆరు అరలు కట్టండి. అరకు 8 కోళ్లు. మూడు అరలు పాత దాణాకి, మూడు కొత్త దాణాకి. రెండు అరలు చాలవా అని అడుగుతారు. చాలవు. ఎందుకో చివర్లో తూకాల దగ్గర మీకే తెలుస్తుంది.

కోళ్లను అరల్లోకి పంచడంలో దాదాపు అందరూ ఒక పొరపాటు చేస్తారు. షెడ్డులోకి దిగి చేతికి దొరికినవి దొరికినట్టు పట్టి మొదటి అర నింపి, తర్వాత రెండోది నింపుతారు. చేతికి ముందు దొరికేది ఏది? నీరసంగా మూల నిలబడ్డది. చివరిదాకా దొరక్కుండా పరుగులు పెట్టించేది చురుకైన పుంజు. అలా పంచితే మొదటి అరలో నీరసపువి, ఆఖరి అరలో గట్టివి చేరతాయి. దాణా వెయ్యకముందే ఫలితం తేలిపోయినట్టే. కాబట్టి 48 కోళ్లనూ తూచి కాలికి రంగు దారం కట్టండి. బరువు వరసలో ఆరేసి చొప్పున తీసుకుని, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు రాసిన చీట్లు వేసి, ఏ చీటీ వస్తే ఆ అరలో వదలండి. పుంజులూ పెట్టలూ గుర్తుపట్టే వయసైతే వాటిని విడివిడిగా ఇలాగే పంచండి. అరల వరసలో కూడా పాత, కొత్త, పాత, కొత్త అని ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి. తలుపు పక్క అరకు గాలి తగులుతుంది, పడమటి గోడ పక్కన వేడి కాస్తుంది. అవి ఒకే దాణాకి కలిసి రాకూడదు.

ఒక్కో అరకు మూతున్న డబ్బా ఒకటి. ఆదివారం పొద్దున ఆ వారానికి సరిపడా దాణా తూచి డబ్బాలో పొయ్యండి. కోడికి రోజుకు 80 గ్రాములు అనుకుంటే 8 కోళ్లకు వారానికి నాలుగున్నర కిలోలు. ఐదు కిలోలు పోస్తే చాలు. వారమంతా ఆ అరకు ఆ డబ్బాలోదే వెయ్యాలి. మళ్లీ ఆదివారం డబ్బాలో, తొట్టిలో మిగిలింది తూచి తీసేస్తే తిన్నది ఎంతో తెలుస్తుంది. తొట్టి సగానికి మించి నింపకండి. కోడి కాలితో గీరి చిమ్మేది చాలా ఉంటుంది. తొట్టి కింద పాత గోనెసంచి పరిచి, చిమ్మింది ఏరి తూకంలో కలపండి. కొత్త దాణా నచ్చకపోతే చిమ్మడం ఎక్కువవుతుంది, అది కూడా రాసుకోవాల్సిన విషయమే. పరీక్ష నడిచే ఆరు వారాలూ ఆ 48 కోళ్లను బయటికి వదలకూడదు. వదిలితే చెదపురుగులూ గింజలూ ఏరుకుని తింటాయి, మన లెక్క చెడుతుంది.

కోళ్లను తూచడం కూడా ఆదివారమే, తెల్లవారుజామున, దాణా వెయ్యకముందు. అప్పుడు వాటి మెడ కింది సంచి ఖాళీగా ఉంటుంది. మేత తిన్నాక తూస్తే యాభై అరవై గ్రాములు ఊరికే ఎక్కువ చూపిస్తుంది. అర మొత్తం కోళ్లను గంపలో పెట్టి ఒకేసారి తూచి, గంప బరువు తీసెయ్యండి. కోడి పోతే తేదీ, దాని బరువు, ఆ రోజుకి డబ్బాలో మిగిలిన దాణా రాసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడవద్దమ్మా. మనకు ఇష్టమైన దాణా తిన్న కోడి మన కంటికి ఎప్పుడూ లావుగానే కనిపిస్తుంది.

దేన్ని పరీక్షించాలి అన్నది తర్వాతి మాట. పట్టుపురుగు ప్యూపా గురించి అడిగారు. నా లెక్కలో అది పరీక్షించదగిన సరుకే. ఎండిన ప్యూపాలో సగానికి పైగా ప్రొటీన్ ఉంటుంది, వేరుశనగలో కొరతగా ఉండే లైసిన్, మిథియోనిన్ ఇందులో బాగా ఉంటాయి. రీలింగ్ యూనిట్లలో పట్టుగూళ్లు ఉడికించి దారం తీశాక మిగిలేది ఇదే. చిక్కంతా అక్కడే ఉంది. అది తడి సరుకు, పైగా ఎండిన లెక్కలో నాలుగో వంతుకు పైగా నూనె. ఒక పూట కుప్పగా ఉంటే కుళ్లడం మొదలవుతుంది, ఎండబెట్టినా నిలవుంటే నూనె మక్కిపోతుంది. కాబట్టి ఆయన్ను అడగాల్సింది ధర ఒక్కటే కాదు. దారం తీసిన రోజే ఎండబెడుతున్నారా, మధ్యలో ఎన్ని రోజులు నిలవుంది, నూనె తీసిందా తియ్యనిదా అని అడగండి. ఒక ప్యూపా చేతిలో తీసుకుని విరవండి. ఫట్‌మని విరిగి లోపల పొడిగా ఉంటే తీసుకోవచ్చు. వంగితే, మెత్తగా ఉంటే, ముక్కులో గుచ్చుకునే కారు వాసన వస్తే ఊరికే ఇచ్చినా వద్దు. సహజంగా ఉండే వాసన వేరు, అది ఎలాగూ ఉంటుంది. ఎక్కువ వేస్తే ఆ వాసన మాంసానికీ గుడ్డుకీ పడుతుంది కాబట్టి వందకు 5 పాళ్ల దగ్గర ఆగండి. అమ్మడానికి రెండు వారాల ముందే మానెయ్యండి. పరీక్ష చివర్లో రెండు రకాల కోళ్లనూ ఒక్కొక్కటి వండి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు పెట్టి అడగండి. మీ దగ్గర కోడి కొనేవాడు రెండోసారి రావాలంటే ఆ పరీక్ష తక్కెడ కంటే ముఖ్యం.

కలిపేటప్పుడు ప్రొటీన్ సమానంగా ఉండేట్టు చూడాలి, లేకపోతే మీరు పరీక్షిస్తున్నది ప్యూపానా, ప్రొటీన్ ఎక్కువ తక్కువలా అన్నది తెలియదు. ఉదాహరణకు మీ వంద కిలోల దాణాలో 5.7 కిలోల సోయా చెక్క తీసేశారనుకోండి. నూటికి 45 పాళ్లు చొప్పున 2.57 కిలోల ప్రొటీన్ పోయింది. 5 కిలోల ప్యూపా పొడి సగం ప్రొటీనుతో 2.5 కిలోలు ఇస్తుంది. మిగతా 0.7 కిలో మొక్కజొన్న వేస్తే కొరత తీరి వంద కిలోలు సరిపోతాయి. ఆ తూకంతో కలపండి. ఇంకేదీ కదిలించకండి, మినరల్ మిక్చర్, ఉప్పు పాతవే.

అరల్లోని కోళ్లకు వెయ్యడానికి ముందు నాలుగు కోళ్లకు వారం రోజులు వేసి చూడండి. తింటున్నాయా, పారుడు పట్టిందా, నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగుతున్నాయా అన్నవి ఆ వారంలో బయటపడతాయి. ఏదైనా తేడా కనిపిస్తే నాలుగు కోళ్లతోనే ఆగిపోతుంది.

బస్తాలో వచ్చే సరుకును ప్రయోగశాలకు పంపాలంటే పైన ఉన్న ఒక గుప్పెడు తీసి పంపకూడదు. అఫ్లాటాక్సిన్ బస్తా అంతా సమంగా ఉండదు, ఒక మూల కుప్పపడి ఉంటుంది. ప్రతి బస్తాలో పైనా మధ్యలో అడుగునా తీసి, గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతాది తీసెయ్యండి. ఓ కిలో మిగిలేదాకా అలాగే చేసి, ప్లాస్టిక్ కవరులో కాకుండా గుడ్డసంచిలో కట్టండి. కవరులో చెమ్మ పట్టి దారిలోనే కొత్త బూజు వస్తుంది. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయానికి ఎలా పంపాలో మీ పశువైద్యుణ్ణి అడగండి. ప్రొటీన్ ఒక్కటే పరీక్ష చేయించి సంతోషపడకండి. ఆ పరీక్ష నిజానికి నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం. కాబట్టి కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు 2.9 కిలోల ప్రొటీన్ పెరిగినట్టు కనబడుతుంది, కోడికి అందేది సున్నా. చేపల పొడిలో ఈ కల్తీ పాతదే. చౌకగా, అనుమానం వచ్చేంత ఎక్కువ ప్రొటీనుతో ఏదైనా దొరికితే యూరియా కూడా చూడమని అడగండి.

కొన్ని పరీక్షకు కూడా పెట్టకూడనివి ఉన్నాయి. ఆముదం చెక్క ఎరువే, మేత కాదు, అది విషం. కానుగ చెక్క కూడా కోళ్లకు వెయ్యకూడదు. పచ్చి సోయా గింజ వేయించకుండా వెయ్యకూడదు. బూజు పట్టిన ఏ గింజైనా, ఎంత కొంచెమైనా వద్దు.

ఇక తూకాలు. ఆరు వారాల తర్వాత మీ నోటుబుక్కులో కోడికి సగటున పెరిగిన బరువు ఇలా ఉందనుకోండి. పాత దాణా అరల్లో 612, 655, 630 గ్రాములు. కొత్తవాటిలో 598, 640, 618. సగటు తీస్తే పాతది 632, కొత్తది 619. కొత్తది 13 గ్రాములు తక్కువ కాబట్టి పనికిరాదని అనేస్తామా? ఒకే పాత దాణా తిన్న మూడు అరల మధ్యే 43 గ్రాముల తేడా ఉంది చూడండి. దాణా మారకుండానే అంత తేడా వస్తుంటే 13 గ్రాములకు అర్థం లేదు, రెండూ సమానమే. దాణాకి ఒక్కటి చొప్పున రెండే అరలు కట్టి ఉంటే, ఆ రెండూ 655, 598 అయి ఉంటే, మంచి దాణాను పారేసేవాళ్లం. మూడేసి అరలు అన్నది అందుకు.

బరువు తర్వాత డబ్బు. ఇందులో దాణా కిలో ధర చూడకండి, కిలో బరువు పెరగడానికి ఎంత ఖర్చయిందో చూడండి. పాత దాణా కిలో 42 రూపాయలు, కిలో బరువుకు 3 కిలోలు తిన్నాయనుకుంటే 126 రూపాయలు. కొత్తది కిలో 36కే వచ్చినా 3.7 కిలోలు తింటే 133. చౌకది ప్రియమైంది. కొత్తది 38కి వచ్చి 3.1 కిలోలు తింటే 118 లోపే, కిలోకు 8 రూపాయల 20 పైసలు మిగిలింది. మీ 160 కోళ్లూ ఏడో వారం తర్వాత కోడికి కిలో చొప్పున పెరుగుతాయనుకుంటే మొత్తం మిగులు 1,312 రూపాయలు.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి అమ్మా. మీ ధర ప్రకారం అది మూడు కోళ్ల ఖరీదు. అన్నీ సవ్యంగా కుదిరితే దాణా మార్పు మీకు ఇచ్చేది అంత. మొన్న పోయినవి 11, అంటే 4,400 రూపాయలు. దాణాలో మిగుల్చుకోవాలని చూడటం తప్పు కాదు. కానీ ఒకేసారి 160 కోళ్ల మీద పందెం కాసేంత లాభం అందులో లేదు. నాలుగు కోళ్లతో మొదలుపెట్టమని, 48 దగ్గర ఆగమని నేను పట్టుబడుతున్నది ఈ లెక్క చూసే.

మీరు సోయా వైపే చూస్తున్నారు గానీ మొక్కజొన్న వైపు కూడా దారి ఉంది. మీ చేన్లో మొక్కజొన్న బదులు కొంత సజ్జ వేసుకోగలిగితే అది నేను మొదట పరీక్షించే సరుకు. సజ్జలో ప్రొటీన్ మొక్కజొన్న కంటే ఎక్కువ, నీళ్లు తక్కువ చాలు, విషాల బెడద కూడా తక్కువ. మొక్కజొన్నలో ఉండే పసుపు రంగు మాత్రం అందులో లేదు. కాళ్లు, గుడ్డు సొన పాలిపోతాయి, నాటుకోడి కొనేవాడికి అది నచ్చదు. మీ గుంటలోని అజొల్లా నిజంగా పనికొచ్చేది అక్కడ. ఆ రంగు అది ఇస్తుంది. మీ ఆయనకు ఈ మాట చెప్పి గుంట పూడ్చకుండా ఆపండి.

టీకాల తేదీలు, గానుగ చెక్క ఎన్ని రోజుల నిలవో, చెక్క ఆపాక ఎన్ని కోళ్లు పోయాయో రాసి పంపండి. వచ్చే జట్టుకు అరలు కట్టినప్పుడు మూడో ఆదివారం తూకాలు ఆరు అరలవీ పంపితే, పరీక్ష కొనసాగించాలో ఆపెయ్యాలో చూసి వెంటనే జవాబు రాస్తాను.